అమ్మకి ఏఎఫ్ అన్నారు, పదకొండేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది, రెండిటినీ కలిపి చూసినవాళ్లు లేరు

తెనాలి_పిల్ల
మా అమ్మకి 63. థైరాయిడ్ తక్కువని పదకొండేళ్లుగా పొద్దున్నే మాత్ర వేసుకుంటోంది. రెండు నెలల నుంచి దడ, దడ అంటోంది. ఉత్త వేగం కాదట, "లోపల కోడిపిల్లని గంప కింద మూసినట్టుందే" అంటుంది. నేను బెంగళూరులో, తను తెనాలిలో, ఫోన్‌లో ఏం అర్థమవుతుంది, ఎండలు కదా మజ్జిగ తాగు అని చెప్పి ఊరుకున్నాను, అది నా తప్పే. పోయిన శుక్రవారం గుడి మెట్ల మీద కూలబడిపోయింది. పిన్ని ఆస్పత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, గుండె లయ తప్పి కొట్టుకోవడం) అన్నారు, పల్స్ 142. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో, వాల్వులు బానే ఉన్నాయట. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్, రక్తం పలచబడే మాత్ర ఒకటి రాసి పంపారు.

నా బాధ ఏంటంటే, థైరాయిడ్ మాత్ర వేసుకుంటుందని పిన్ని చెబితే "సరే, అది మానొద్దు" అన్నారంతే, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష, థైరాయిడ్ ఎక్కువైతే ఈ అంకె తగ్గుతుంది, తక్కువైతే పెరుగుతుంది) రాయలేదు. నాలుగు నెలల క్రితం థైరాయిడ్ చూసే డాక్టరేమో రిపోర్టు చూసి, డోసు మార్చి, రెండు నిమిషాల్లో పంపించేశారు, చెయ్యి పట్టుకుని నాడి చూసింది లేదు. గుండె ఆయనకి గొంతు అక్కర్లేదు, గొంతు ఆయనకి గుండె అక్కర్లేదు. అసలు రెండిటికీ సంబంధం ఉందా, లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?

కాకినాడ_కాజా
ఆ వయసులో దడ మామూలేనండి. మా అత్తగారికీ ఇలాగే ఉండేది, సీరియళ్లు మాన్పించాం, తగ్గిపోయింది. టెన్షన్ అయ్యుంటుంది.

పాత_గ్రాఫు
కాజా గారూ, గ్రాఫులో ఏఎఫ్ అని తేలాక టెన్షన్ అనకూడదు. నేను 31 ఏళ్లు సర్కారు ఆస్పత్రిలో ఈసీజీలు తీసి రిటైరయ్యాను. టెన్షన్‌తో వచ్చే దడలో గ్రాఫు వేగంగా ఉంటుంది గానీ వరస తప్పదు, ప్రతి పెద్ద గీతకీ ముందు చిన్న పీ తరంగం బుద్ధిగా నిలబడి ఉంటుంది. ఏఎఫ్‌లో ఆ పీ కనపడదు, అడుగు గీత సన్నగా వణుకుతుంటుంది, పెద్ద గీతల మధ్య ఎడం ఎక్కడా ఒకలా ఉండదు. మణికట్టు దగ్గర మూడు వేళ్లు పెడితే చేతికే తెలుస్తుంది, తాళం రానివాడు డప్పు కొట్టినట్టు ఉంటుంది. లెక్క మాత్రం నిమిషం పూర్తిగా పెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఏఎఫ్‌లో తప్పు అంకె వస్తుంది.

మా దగ్గర ఒక డ్యూటీ డాక్టరు ఉండేవారు. వాల్వు జబ్బు లేని మనిషికి ఏఎఫ్ గ్రాఫు వస్తే చాలు, చేతులు చాపమని వేళ్ల మీద ఒక కాగితం ముక్క పెట్టేవారు. కాగితం వణికితే థైరాయిడ్ టెస్టు రాసేవారు. చాలాసార్లు ఆయన రాసిందే తేలేది. తెనాలి అమ్మాయ్, నువ్వు ఎక్కువ ఆలోచించట్లేదు.

కాకినాడ_కాజా
సరేలెండి, నేను సీరియళ్ల మీద కోపంతో అన్నాను.

పీజీ_నిద్రమత్తు
సంబంధం చాలా పాతది. 1840లో జర్మనీలో మెర్సెబర్గ్ అనే ఊళ్లో బేస్‌డో అనే డాక్టరు మెడ వాపు, ముందుకొచ్చిన కళ్లు, గుండె దడ మూడూ కలిసి వస్తున్నాయని రాశాడు. దానికి అయిదేళ్ల ముందు డబ్లిన్‌లో గ్రేవ్స్ రాసిన కేసుల్లో కూడా మొదటి మాట దడే. థైరాయిడ్ అనగానే ఇప్పుడు మనకి బరువు, జుట్టు గుర్తొస్తున్నాయి గానీ ఆ పాతవాళ్ల కంట ముందు పడింది గుండే.

థైరాయిడ్ హార్మోన్లలో ఒకటైన టీ3 గుండె కండరంలోకి నేరుగా వెళ్లి పనిచేస్తుంది. గుండెకి వేగం చెప్పే సైనస్ నోడ్‌ని తొందరపెడుతుంది. అడ్రినలిన్‌ని అందుకునే బీటా గ్రాహకాలని పెంచుతుంది, అంటే రక్తంలో అడ్రినలిన్ ఎప్పటంతే ఉన్నా గుండె మాత్రం ఎవరో తరుముతున్నట్టు కొట్టుకుంటుంది. ఆ గ్రాహకాలని అడ్డుకునే బీటా బ్లాకర్ (మెటోప్రొలాల్ లాంటిది) ఇచ్చేది ఇందుకే. ఇక ఏఎఫ్ విషయానికొస్తే, పై గదులు, అంటే బళ్లో చదువుకున్న కర్ణికలు, ఒకసారి ముడుచుకున్నాక మళ్లీ ముడుచుకునే ముందు కాస్త తెరిపిన పడాలి. హార్మోను ఎక్కువైతే ఆ విరామం పొట్టిదైపోయి, విద్యుత్తు కిందికి దిగాల్సింది పోయి పైనే సుళ్లు తిరుగుతుంది. గది ముడుచుకోదు, వణుకుతుంది. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డ కడితే, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. రక్తం పలచబడే మాత్ర ఎందుకు రాశారో అదీ సంగతి.

థైరాయిడ్ ఎక్కువైనవాళ్లలో వందకి 10 నుంచి 15 మందికి ఏఎఫ్ వస్తుంది, వయసు మీదపడితే ఇంకా ఎక్కువ. మిగతావాళ్లలో కనపడేది చాలావరకు ఉత్త వేగమే. కొత్తగా ఏఎఫ్ పడితే టీఎస్‌హెచ్ చూడాలన్నది గైడ్‌లైన్ మాట, రాయకపోవడం పొరపాటే. రేపే చేయించండి, థైరాయిడ్ హార్మోన్లు ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 కూడా.

తెనాలి_పిల్ల
కానీ అమ్మకి ఉన్నది తక్కువ థైరాయిడ్ కదండీ. పైగా నాలుగు నెలల క్రితం టీఎస్‌హెచ్ 0.3కి పడిపోయిందని 100 మైక్రోగ్రాముల మాత్రని 75 చేశారు. తగ్గించాక దడ రావడమేంటి? అక్కడే నాకు లెక్క కుదరట్లేదు.

డల్లాస్_బావ
మాత్రల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మా నాన్న సంగతి చెప్తా, ఇది తిరగేసిన కథ. ఆయన రాజమండ్రిలో ఉంటారు. ఏఎఫ్ వచ్చింది, థైరాయిడ్ అప్పుడు శుభ్రంగా ఉంది, లయ సరిచేసే అమియోడరోన్ అనే మందు పెట్టారు, గుండె వరసలో పడింది, అందరం సంతోషం. పద్నాలుగు నెలల తర్వాత 8 కేజీలు తగ్గారు, చెమటలు, నిద్ర లేదు, ఏఎఫ్ మళ్లీ వచ్చింది. మందు చాలట్లేదని డోసు పెంచారు! నేను సెలవుకి వచ్చి చూస్తే మనిషి సగమయ్యాడు. టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ అట్టడుగున ఉంది. ఏఎఫ్ తగ్గించడానికి ఇచ్చిన మందే థైరాయిడ్‌ని రెచ్చగొట్టి ఏఎఫ్ తెచ్చింది.

ఆ మందు బరువులో 37 శాతం అయోడినే అని తర్వాత తెలిసింది. 200 మిల్లీగ్రాముల మాత్రలో 75 మిల్లీగ్రాముల అయోడిన్. మనిషికి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములు. కాలిక్యులేటర్ తీయండి.

గోంగూర_ఎన్నారై
500 రెట్లు. బావా, ఉప్పు డబ్బా మింగినా అంత రాదు కదా.

పీజీ_నిద్రమత్తు
లెక్క కరెక్టే గానీ మాత్రలోని అయోడిన్ అంతా ఒకేసారి విడుదల కాదు, రోజుకి 6, 7 మిల్లీగ్రాములు బయటికి వస్తుంది. అదీ మామూలుకి నలభై రెట్లు. కొందరికి థైరాయిడ్ పడిపోతుంది, కొందరికి పెరిగిపోతుంది, ఇద్దరికీ కారణం ఆ ఒక్క మందే. అలాగని అమియోడరోన్ చెడ్డ మందు కాదు, దానివల్ల బతికినవాళ్లని నేను రోజూ చూస్తాను. మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత ఆర్నెల్లకోసారి టీఎస్‌హెచ్ చూడకుండా వాడటమే చెడ్డ పని. ఇంకో తలనొప్పి, అది కొవ్వులో దాక్కుంటుంది, ఆపేశాక కూడా నెలల తరబడి ఒంట్లో ఉంటుంది.

డల్లాస్_బావ
అవును, ఆపిన అయిదో నెల్లో కూడా రిపోర్టు తిన్నగా రాలేదు. స్టెరాయిడ్ పెట్టాక దారిలో పడ్డారు. ఇప్పుడు బానే ఉన్నారు, నాతో రోజూ గొడవ పడుతున్నారు.

సూరిబాబు_మెడికల్స్
తెనాలి మేడమ్, ఒక చిన్న మాట. అమ్మగారి దగ్గర ఎన్ని సీసాలు ఉన్నాయో అడగండి. థైరాయిడ్ మాత్రలు వంద మాత్రల సీసాలో వస్తాయి. డోసు మారినప్పుడు పాత సీసాలో యాభై, అరవై మిగిలి ఉంటాయి, మనవాళ్లు డబ్బు పెట్టి కొన్న మందు పారేయరు. నేను కౌంటర్ దగ్గర రోజూ చూస్తుంటాను. కొందరు పాతది అయిపోయాక కొత్తది మొదలుపెడతారు. కొందరు... అడగండి ముందు.

తెనాలి_పిల్ల
సరే, రాత్రికి వీడియో కాల్‌లో చూస్తాను.

హైవే_బుల్లెట్
నాకు 29, గ్రేవ్స్, అంటే థైరాయిడ్ ఎక్కువయ్యే ఒక జబ్బు. ఆరు నెలల్లో 11 కేజీలు తగ్గి జిమ్ ఫలితం అనుకుని ఫోటోలు పెట్టుకున్నా. చేతులు వణికేవి, మెట్రో మెట్లు ఎక్కితే వాచీలో 160 చూపించేది. వాచీ పాడైందని మార్చా కూడా. రెండో వాచీ కూడా అదే చెప్పింది. డాక్టరు మెడ నొక్కి, కళ్లు చూసి అయిదు నిమిషాల్లో చెప్పేశారు. థైరాయిడ్ తగ్గించే కార్బిమజోల్, దడ తగ్గించే ప్రొప్రనొలాల్ రాశారు. వారంలో దడ తగ్గింది, హార్మోను దిగడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. కార్బిమజోల్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, జ్వరమో గొంతునొప్పో వస్తే మాత్ర ఆపి వెంటనే తెల్లకణాల కౌంటు చూపించుకోవాలి, ఎప్పుడో ఒకరికి అవి బాగా పడిపోతాయట. ఇది నాకు చీటీ మీద ఎర్ర ఇంకుతో రాసిచ్చారు.

గోంగూర_ఎన్నారై
ఈ జబ్బు అమెరికా ప్రెసిడెంటు పెద్ద బుష్‌కి కూడా వచ్చింది తెలుసా. 1991 మేలో క్యాంప్ డేవిడ్‌లో జాగింగ్ చేస్తుంటే ఆయాసం, చూస్తే ఏఎఫ్, ఇంకా చూస్తే గ్రేవ్స్. తమాషా ఏంటంటే అప్పటికే ఆయన భార్యకీ గ్రేవ్స్, వాళ్ల కుక్క మిల్లీకి లూపస్. మూడూ ఆటోఇమ్యూన్ జబ్బులే, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడేవి. నీళ్లలో ఏదైనా ఉందేమోనని అవి కూడా టెస్ట్ చేశారు, ఏమీ తేలలేదు.

హైవే_బుల్లెట్
నా కుక్క బానే ఉంది, థాంక్స్.

తెనాలి_పిల్ల
సూరిబాబు గారూ మీకు దండం.

రెండు సీసాలు ఉన్నాయి. అమ్మ రెండూ వేసుకుంటోంది. 100 ఒకటి, 75 ఒకటి. నాలుగు నెలలుగా రోజుకి 175. ఎందుకమ్మా అంటే "డాక్టరు కొత్తది కూడా రాశారు కదే, పాతది ఆపమని ఎవరు చెప్పారు" అంటోంది. చీటీ ఫోటో తెప్పించుకుని చూశాను. నిజమే, 75 అని రాసి ఉంది, 100 ఆపండి అని ఎక్కడా లేదు. పిన్నికీ తెలీదు, నాకూ తెలీదు. పాత సీసా అయిపోతే ఇంకొకటి కూడా కొనుక్కుందట, జాగ్రత్త గల మనిషి కదా.

సూరిబాబు_మెడికల్స్
అయ్యో. నేను అనుమానపడింది అదేనండి.

పాత_గ్రాఫు
మజ్జిగతో పోయేది కాదన్నమాట.

పీజీ_నిద్రమత్తు
ఇప్పుడు లెక్క కుదిరింది. థైరాయిడ్ గ్రంథి అసలు పనిచేయని మనిషికి కూడా పూర్తి డోసు సుమారుగా కేజీకి 1.6 మైక్రోగ్రాములు. అమ్మగారు 60 కేజీలు అనుకుంటే వంద లోపే. 175 అంటే బయటి నుంచి మనమే థైరాయిడ్ ఎక్కువ జబ్బు తెచ్చిపెట్టినట్టు. 1994లో వచ్చిన అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశోధనలో 60 దాటిన రెండు వేల మందిని పదేళ్లు గమనించారు, టీఎస్‌హెచ్ 0.1 లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకి ఏఎఫ్ వచ్చే అవకాశం మామూలువాళ్లకంటే సుమారు మూడు రెట్లు ఉంది. మాత్ర వల్ల తగ్గినా, గ్రంథి వల్ల తగ్గినా గుండెకి తేడా తెలీదు.

డోసు నేను ఇక్కడ చెప్పను, మీరూ ఫోన్‌లో నిర్ణయించొద్దు. రేపు పొద్దున మాత్ర వేసుకోకముందు రక్తం ఇచ్చి, రెండు సీసాలూ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. ఈ గొడవలో రక్తం పలచబడే మాత్ర, మెటోప్రొలాల్ మాత్రం మానకూడదు. లెవోథైరాక్సిన్, అంటే ఈ థైరాయిడ్ మాత్ర, ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది, కాబట్టి డోసు సరిచేసిన మర్నాడే దడ పోతుందని చూడకండి. మాట తడబడినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా రేపటిదాకా ఆగకుండా 108.

ప్రకృతి_బాట
ఇంగ్లీషు మందులకి మూలం ఇదే. ఒక మాత్రకి ఇంకో మాత్ర, దానికి ఇంకోటి. అన్నీ ఆపేసి సముద్రపు నాచు పొడి, ధనియాల కషాయం మొదలుపెట్టండి, 40 రోజుల్లో థైరాయిడ్ దానంతటదే సర్దుకుంటుంది. అయోడిన్ ఉప్పు కూడా మానండి, మన తాతలు రాళ్ల ఉప్పు తిని వందేళ్లు బతికారు.

డల్లాస్_బావ
నాచు నిండా అయోడినే కదయ్యా. పై వాక్యంలో అయోడిన్ తాగించి కింది వాక్యంలో మాన్పిస్తున్నారు.

పాత_గ్రాఫు
తాతలు వందేళ్లు బతికారో లేదో గానీ హిమాలయాల కింద ఊళ్లలో తాతలకీ, మనవలకీ మెడలో గుమ్మడికాయంత వాపులుండేవి. కాంగ్రా లోయలో 1950ల్లో అయోడిన్ ఉప్పు ఇచ్చి అవి తగ్గుతాయని చూపించిన బృందాన్ని నడిపింది మనవాడే, శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారు. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివారు. రాళ్ల ఉప్పు కబుర్లు మా ముందు చెప్పకండి.

పీజీ_నిద్రమత్తు
గ్రాఫు గారితో ఏకీభవిస్తూనే ఒక ముక్క. అయోడిన్ అమాయకపు వస్తువేం కాదు. ఏళ్లుగా మెడలో గడ్డలున్న పెద్దవాళ్లకి ఒక్కసారిగా చాలా అయోడిన్ ఇస్తే, యాంజియోగ్రామ్, సీటీ స్కాన్‌లకి ఎక్కించే మందులో అది బోలెడు ఉంటుంది, కొన్ని వారాలకి థైరాయిడ్ పెరిగి దడ రావచ్చు. కూరలో వేసే ఉప్పుతో మాత్రం ఆ భయం అక్కర్లేదు. ప్రకృతి గారూ, ఏఎఫ్ ఉన్న మనిషికి మందులన్నీ ఆపండి అని ఇక్కడ రాయొద్దు. నిజంగా ఎవరైనా వింటారు.

ప్రకృతి_బాట
మీ కంపెనీలు మీకు డబ్బులిస్తాయి, మీరు అలాగే అంటారు.

పీజీ_నిద్రమత్తు
మూడు నెలలుగా స్టైపెండే రాలేదు సార్, కంపెనీ ఏదో చెబితే నేనే వెళ్లి అడుక్కుంటాను.

మోడరేటర్
మందు ఆపమని ఇచ్చే సలహాలు ఇకముందు తొలగిస్తాను. కషాయం గురించి వేరే దారం తెరుచుకోండి.

వరంగల్_వాకింగ్
మా అక్క కొడుకుది చెప్తా, 26 ఏళ్లు. పెళ్లి దావత్‌ల రాత్రి బగారన్నం, మటన్ గట్టిగ తిన్నడు, పొద్దుగాల లేస్తే కాళ్లు కదుల్తలేవు. పక్షవాతం అని ఇంటిల్లిపాది ఏడ్పులు. దవాఖానల చూస్తే పొటాషియం 2.1, గుండె గ్రాఫు కూడా తేడాగ ఉంది. సెలైన్‌ల పొటాషియం ఎక్కిస్తే సాయంత్రానికి లేచి నడిచిండు. అప్పుడు థైరాయిడ్ చూస్తే బాగ ఎక్కువున్నది. ముందు నుంచి చెమటలు, దడ ఉండెనంట, మొగపిల్లగానికి థైరాయిడ్ ఏందని ఎవ్వరం అనుకోలే. మందులతోని థైరాయిడ్ దిగినంక మళ్ల ఒక్కసారి గట్ల కాలే.

కాకినాడ_కాజా
బగారన్నం తింటే కాళ్లు పడిపోతాయా! మా ఆయనకి చదివి వినిపిస్తున్నాను.

పీజీ_నిద్రమత్తు
అన్నం తప్పు కాదండి. థైరాయిడ్ ఎక్కువున్న కొందరు మగవాళ్లలో, ముఖ్యంగా ఆసియా వాళ్లలో, పిండిపదార్థం బాగా తిన్నప్పుడు ఇన్సులిన్ పెరిగి రక్తంలోని పొటాషియం కండరాల లోపలికి వెళ్లిపోతుంది. కాళ్లు పడిపోవడం కంటికి కనపడుతుంది, గుండె లయ తప్పడం కనపడదు, అసలు ప్రమాదం అక్కడే. వరంగల్ అన్నా, మీ అల్లుడికి సమయానికి గ్రాఫు తీసినవాళ్లెవరో గానీ మంచి పని చేశారు.

నిదానం_నీలవేణి
అందరూ వేగం గురించే చెబుతున్నారు, నాది తాబేలు కేసు. టీఎస్‌హెచ్ వంద దాటింది, పల్స్ 46. రెండో కాన్పు తర్వాత మాత్ర నేనే మానేశా, మూడేళ్లు. మొహం ఉబ్బింది, గొంతు బొంగురు, పొద్దస్తమానం నిద్ర, మే నెలలో దుప్పటి. ఎకోలో గుండె చుట్టూ నీరు కనపడింది. ఒక చోట పేస్‌మేకర్ మాట కూడా వచ్చింది, ఇంకో డాక్టరమ్మ ఆగండి, ముందు మాత్రతో చూద్దాం అన్నారు. 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. మూడు నెలలకి నీరు పోయింది, పల్స్ 70కి వచ్చింది. కాబట్టి ఈ దారం చదివి భయపడి మాత్ర మానేయకండి, అది ఇంకో గొయ్యి.

జడ_పొడుగు
నాకు దడ లేదు, చెమట లేదు, అయినా టీఎస్‌హెచ్ 0.05, టీ4 ఎక్కువ అని రిపోర్టు. కార్బిమజోల్ రాయబోతూ డాక్టరు పెన్ను ఆపి, జుట్టుకి ఏమన్నా మాత్రలు వాడుతున్నారా అని అడిగారు. బయోటిన్, రోజుకి 10 మిల్లీగ్రాములు. అది కొన్ని ల్యాబు పరీక్షలని తికమక పెడుతుందట. నాలుగు రోజులు ఆపి మళ్లీ ఇస్తే అంతా నార్మల్. జుట్టు మాత్రం రెండు రకాలుగానూ రాలుతూనే ఉంది.

బాలింత_డైరీ
నాకు పాప పుట్టిన మూడో నెలలో దడ, చేతులు వణుకు. ఇంట్లో బాలింత గాలి అన్నారు, నేను నిద్ర లేక అనుకున్నా. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడైటిస్ అట, గ్రంథిలో నిలవున్న హార్మోను కారిపోతుందట, కొత్తగా తయారవడం కాదు కాబట్టి కార్బిమజోల్ పనిచేయదు అన్నారు. కొన్నాళ్లు ప్రొప్రనొలాల్ ఒక్కటే ఇచ్చారు. తర్వాత అదే పడిపోయి తక్కువైంది. అంటే ఒకే ఏడాదిలో బుల్లెట్ తమ్ముడి కథా నాదే, నీలవేణి గారి కథా నాదే.

ఉబ్బసం_ఊపిరి
ప్రొప్రనొలాల్ పేరు ఇన్నిసార్లు వచ్చింది కాబట్టి, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. నాకు పక్కింటివాళ్లు మంచి మనసుతో తమ మాత్ర ఇచ్చారు, రాత్రంతా నెబులైజర్ పట్టుకుని కూర్చున్నా.

కావలి_కుర్రోడు
అందరూ తిట్టినా సరే అంటాను, ప్రతి దడకీ థైరాయిడ్ అంటే ఎలా? మా నాయనమ్మకి ఏఎఫ్ వచ్చింది చిన్నప్పటి కీళ్ల జ్వరం వల్ల పాడైన మైట్రల్ వాల్వుతో. థైరాయిడ్ మూడుసార్లు చేయించారు, మూడుసార్లూ నార్మలే, ఎకో మాత్రం ఆర్నెల్ల తర్వాత తీశారు. మా ఆఫీసులో ఒకమ్మాయికి దడ, హిమోగ్లోబిన్ 6.

పాత_గ్రాఫు
మంచి మాటే. నేను తీసిన ఏఎఫ్ గ్రాఫుల్లో వాల్వు కేసులే ఎక్కువ. ఎకో, టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, పొటాషియం, ఇవన్నీ కలిపి ఒకే రోజు చూస్తే పోయేదేముంది? తెనాలిలో ఎకో తీశారు, టీఎస్‌హెచ్ మర్చిపోయారు. మీ నాయనమ్మకి అటుది ఇటు అయింది.

తెనాలి_పిల్ల
రిపోర్టు వచ్చింది. టీఎస్‌హెచ్ 0.02, ఫ్రీ టీ4 పైకి ఉంది. నేనే ఊరెళ్లి ఇద్దరు డాక్టర్లనీ ఒకే రోజు కలిశాను. థైరాయిడ్ డాక్టరు చీటీ చూసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత పాత డోసు కొట్టేసి రాయాల్సిందమ్మా అన్నారు. పోట్లాడాలని ప్రిపేరై వెళ్లినదాన్ని, ఆయన అలా అనేసరికి ఏం అనాలో తోచలేదు. రెండు వారాలు మాత్ర పూర్తిగా ఆపి, తర్వాత 75 ఒక్కటే అన్నారు. గుండె డాక్టరు షాక్ ఇచ్చి లయ సరిచేయడం ఇప్పుడే వద్దు, ముందు హార్మోను దిగనిద్దాం అన్నారు.

పీజీ_నిద్రమత్తు
సరైన మాట. థైరాయిడ్ దారికొస్తే మూడింట రెండొంతుల మందిలో ఏఎఫ్ దానంతటదే సర్దుకుంటుంది, ఎక్కువగా మొదటి నాలుగు నెలల్లోపే. హార్మోను పొంగుతుండగా షాక్ ఇస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

డల్లాస్_బావ
రక్తం పలచబడే మాత్ర ఏది? నాన్నకి రక్తం పలచబడటానికి వార్ఫరిన్ ఉన్నప్పుడు థైరాయిడ్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె) 5 దాటిపోయేది, థైరాయిడ్ దిగాక అదే డోసు చాలలేదు.

తెనాలి_పిల్ల
అపిక్సబాన్, ఐఎన్ఆర్ గొడవ లేదన్నారు. రోజుకి రెండుసార్లు. ఆ రెండుసార్లు అన్న మాట మాత్రం అమ్మ చేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

సూరిబాబు_మెడికల్స్
100 సీసా ఎక్కడుంది?

తెనాలి_పిల్ల
బీరువాలో దాచింది. "మళ్లీ 100 రాస్తే" అని. నా బ్యాగులో వేసుకుని బెంగళూరు తెచ్చేశాను.

తెనాలి_పిల్ల
తొమ్మిది వారాల తర్వాత అప్‌డేట్. నిన్నటి ఈసీజీలో సైనస్ రిథమ్, అంటే మామూలు లయ, పల్స్ 74. గ్రాఫు గారూ, పీ తరంగాలు నేనే చూసుకున్నాను, మీరు చెప్పినట్టే బుద్ధిగా నిలబడి ఉన్నాయి. టీఎస్‌హెచ్ ఇంకా 0.4, మెల్లగా లేస్తుంది అన్నారు. మెటోప్రొలాల్ తగ్గించారు. అపిక్సబాన్ ఇంకొన్ని నెలలు ఉంచి, మళ్లీ హోల్టర్ (ఒంటికి తగిలించి రోజంతా ఈసీజీ తీసే యంత్రం) పెట్టి చూశాక ఆలోచిద్దాం అన్నారు, అమ్మకి బీపీ కూడా ఉంది కాబట్టి. కోడిపిల్ల వెళ్లిపోయిందట.

పాత_గ్రాఫు
గ్రాఫు ఫోటో పెట్టమ్మా, పేరు కనపడకుండా. చూసి చాలా రోజులైంది.

సూరిబాబు_మెడికల్స్
మేడమ్, ఈ దారం చదివాక నేను ఒక నల్ల మార్కర్ కొన్నాను. డోసు మారిన చీటీ వస్తే కొత్త సీసా మూత మీద ఇదొక్కటే అని రాసి ఇస్తున్నాను. పాత సీసా పట్టుకురండి అంటే సగం మంది తెస్తున్నారు, సగం మంది నన్ను అనుమానంగా చూస్తున్నారు.

కొత్తపేట_కొత్తోడు
ఇప్పుడే చేరాను. నాకు టీఎస్‌హెచ్ 5.8, నిన్న రాత్రి నుంచి దడగా ఉంది, ఏఎఫ్ వస్తుందా?

పాత_గ్రాఫు
మొదటి పోస్టు నుంచి చదవండి. చదివేముందు మూడు వేళ్లు మణికట్టు మీద పెట్టి నిమిషం లెక్కపెట్టి అంకె ఇక్కడ పెట్టండి.

కొత్తపేట_కొత్తోడు
78. వరస తప్పలేదు అనుకుంటా. మధ్యలో మా ఆవిడ పిలిచింది, మళ్లీ లెక్కపెడతా.